గుర్రం చెవి పేరున్న గింజ: మా నానా బయాజ్‌లో ఇస్బ్‌గోల్

మా తమ్ముడు షార్జా నుంచి ఛుట్టీ మీద వస్తే ఎల్లారెడ్డిపేటలోని మా ఇంట్లో సూట్‌కేస్ విప్పడం చిన్నపాటి ఈద్ లెక్క ఉంటది. ఖజూర్, బాదాం, అత్తరు సీసాలు, పిల్లలకు చాక్లెట్లు, అమ్మీకి దుపట్టా. పోయినసారి వీటన్నిటి అడుగు నుంచి ఒక నారింజ రంగు ప్లాస్టిక్ డబ్బా తీసి నానీమా చేతిలో పెట్టాడు.

"యే తుమారే లియే నానీమా. అమ్రీకా కీ దవా. ఫైబర్ బోల్తే ఇస్‌కో. పేట్ సాఫ్ రహ్తా."

నానీమాకు ఇంగ్లీషు రాదు. ఆమె చదువు ఖురాన్ షరీఫ్, కొంచెం ఉర్దూ. డబ్బా మీది రాత జోలికి పోలేదు. మూత తీసి వాసన చూసింది, చిటికెడు నాలుక మీద వేసుకుంది, తర్వాత ఒక చెంచాడు గ్లాసు నీళ్లలో కలిపి కిటికీ మీద పెట్టింది. మేము మాటల్లో పడ్డాం. కాసేపటికి గ్లాసు వంచి చూసి ఒకటే నవ్వు.

"అరే, యే తో అప్నా ఇస్పగోల్‌చ్ హై రే! సంత్రే కా రంగ్ డాల్‌కే లాయా."

డబ్బా తిప్పి చదివితే నిజంగానే అది. ఇంగ్లీషులో సిలియం పొట్టు అని రాసి ఉంది. దునియాలో ఈ పంట అన్నిటికంటే ఎక్కువగా పండేదీ ఎగుమతి అయ్యేదీ మన దేశం నుంచే, అన్నిటికంటే ఎక్కువ కొనుక్కునేది అమెరికా. అంటే గుజరాత్‌లోనో రాజస్థాన్‌లోనో పుట్టిన పొట్టు సముద్రం దాటి, రంగూ తీపీ పూసుకుని, గల్ఫ్ దుకాణంలో కూర్చుని, మా తమ్ముడి జీతంలోంచి కొంత తీసుకుని మా ఇంటికి చేరి ఉంటది. ఎల్లారెడ్డిపేట బస్టాండ్ దగ్గరి కిరాణా దుకాణంలో అదే వస్తువు కాగితప్పెట్టెలో దొరుకుతది.

నవ్వు అయిపోయాక నానీమా ఇంకో మాట అన్నది. నన్ను ఈ తారీఖ్ రాయడానికి కూర్చోబెట్టింది ఆ మాటే. "హమారే జమానే మే పేచిష్ కో దేతే థే. అబ్ ఖబ్జ్ కో దేరైఁ." వాళ్ల కాలంలో జిగట విరేచనాలు ఆగడానికి ఇచ్చేవాళ్లు, ఇప్పుడు మలబద్ధకం పోవడానికి ఇస్తున్నారు. గింజ అదే. మరి మారింది ఏమిటి?

ముందు పేరు సంగతి. చిన్నప్పుడు నేను దీన్ని "ఇసబ్ గుల్" అనుకునేవాణ్ణి, గుల్ అంటే పువ్వు కదా, ఏదో పువ్వు పొడి అని. కాదు. ఫార్సీలో అస్ప్ అంటే గుర్రం, ఘోల్ అంటే చెవి అని చెబుతారు. గింజను అరచేతిలో పెట్టుకుని చూడండి, ఒక పక్క ఉబ్బి, ఒక పక్క గుంటపడి, కొన తేలి, గుర్రం చెవికి బుల్లి నకలు లాగా ఉంటది. యూనానీలు, అంటే అసలు గ్రీకులు, ఇదే జాతి గింజను చూసి పిస్సూ అనుకున్నారు. కుక్కల ఒంటి మీద గంతులేసే ఆ పురుగును వాళ్ల భాషలో సిల్లా అంటారు. సిలియం అనే పేరు అక్కడి నుంచి వచ్చింది. ఒకే గింజలో ఫార్సీ వాళ్లకు గుర్రం కనిపించింది, గ్రీకులకు పురుగు కనిపించింది. అమెరికా డబ్బాల వాళ్లు పురుగు పేరే ఎంచుకున్నారు, అది వాళ్ల ఇష్టం.

అరబీలో దీని పేరు బజ్రె ఖతూనా. దియోస్కోరిదీస్ గ్రీకులో రాసిన ఔషధాల కితాబ్ తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో అరబీలోకి వచ్చింది. ఇస్తిఫాన్ బిన్ బసీల్ తర్జుమా చేస్తే హునైన్ బిన్ ఇస్‌హాఖ్ దిద్దాడు. 1037లో ఇంతెఖాల్ అయిన ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్‌లో ఒంటరి మందుల జాబితాలో బజ్రె ఖతూనాకు చోటిచ్చాడు. అక్కడి నుంచి ఫార్సీ కితాబులు, ఆ కితాబులతో దక్కన్‌కు వచ్చిన హకీములు. మనవాళ్లలో కొందరు ప్రతి మంచి వస్తువునూ తిబ్బె నబవీ అని చెప్పేస్తారు. కలోంజీకి, సనాకు, తల్బీనాకు హదీసులు ఉన్నాయి, ఆ మాట సరే. ఇస్బ్‌గోల్ మాత్రం మనకు హకీముల కితాబుల దారిలో వచ్చిన మందు. గ్రీకు, క్రైస్తవ, ముస్లిం పండితులు చేతులు మార్చుకుంటూ తెచ్చిన మందు అని చెబితే దాని ఇజ్జత్ ఏం తగ్గదు.

మొక్కకు ఇప్పుడున్న శాస్త్రీయ నామం ప్లాంటాగో ఒవాటా. ఆ పేరు పెట్టినవాడు పీటర్ ఫోర్స్‌కోల్. డెన్మార్క్ రాజు పంపిన బృందంతో అరేబియాకు పోయి, 1763లో యెమెన్‌లో జ్వరంతో చనిపోయాడు. అతని రాతప్రతులను బృందంలో ప్రాణాలతో మిగిలిన నీబూర్ 1775లో అచ్చు వేయించాడు. అయితే ఇంకో లాటిన్ పేరు కూడా చాలాకాలం నడిచింది: ప్లాంటాగో ఇస్పఘులా. మన నానీమాల నోటి మాటనే లాటిన్ చేశారన్నమాట. 1810లో జాన్ ఫ్లెమింగ్ అచ్చు వేసిన హిందుస్తానీ ఔషధ మొక్కల జాబితాలో ఆ పేరు రాక్స్‌బర్గ్ పెట్టినదిగా కనిపిస్తుంది. విలియం రాక్స్‌బర్గ్ అంటే మన గోదావరి వైపు సామర్లకోటలో పన్నెండేళ్ల దాకా తోటలు పెంచి, మొక్కల తెలుగు పేర్లు రాసుకుని, 1793లో కలకత్తా కంపెనీ తోటకు పోయినవాడే.

ఇక్కడ నేను కొంచెం ఆగుతాను. రాక్స్‌బర్గ్ పేరు స్కూలు పుస్తకాల్లో ఉంటది. మూదీన్ షరీఫ్ పేరు ఎక్కడా ఉండదు, మన ముస్లిం ఇండ్లల్లో కూడా తెలియదు. ఆయన మద్రాసులో ట్రిప్లికేన్ డిస్పెన్సరీ నడిపిన సర్జన్, ఖాన్ బహదూర్ ఖితాబ్ పొందినవాడు. 1868లో సర్కారు ఎడ్వర్డ్ వేరింగ్ చేత ఫార్మకోపియా ఆఫ్ ఇండియా అనే అధికారిక ఔషధ గ్రంథం తయారు చేయించింది. ఇస్బ్‌గోల్ గింజలకు అందులో చోటు దొరికింది. అయితే గ్రంథం ఇంగ్లీషులో ఉంది, మందు బజారులో ఉంది. బజారు ఏ భాషలో మాట్లాడుతది? మద్రాసు ప్రెసిడెన్సీలోనే అరవం, తెలుగు, కన్నడం, మలయాళం, దఖ్నీ. ఒక ఊళ్లో ఒక పేరుకు ఒక గింజ ఇస్తారు, పక్క ఊళ్లో అదే పేరుకు ఇంకో గింజ ఇస్తారు. డాక్టర్ రాసింది ఒకటి, రోగి మింగేది ఒకటి.

ఈ గందరగోళాన్ని విడదీసే పని మూదీన్ షరీఫ్ నెత్తిన వేసుకున్నాడు. 1869లో మద్రాసులో ఆ ఫార్మకోపియాకు అనుబంధం అచ్చు వేయించాడు, ఔషధాల దేశీయ పేర్ల జాబితా వేయించాడు. అరబీ, ఫార్సీ, దఖ్నీ, తెలుగు, తమిళం, ఇంకా చాలా భాషల్లో ఒక్కో మందుకు ఏ పేరు సరైనది, ఏది తప్పుగా వాడుతున్నారు అని తేల్చడం ఆ పుస్తకాల ముఖ్యమైన పని. ఆయన ఇంతెఖాల్ తర్వాత 1891లో మెటీరియా మెడికా ఆఫ్ మద్రాస్ అనే ఇంకో కితాబ్‌ను డేవిడ్ హూపర్ సంపాదకత్వం చేసి బయటికి తెచ్చాడు. దఖ్నీ ఇంటి భాషగా, తెలుగు బజారు భాషగా బతికే మనలాంటి వాళ్లకు ఆ పని ఎంత పెద్దదో వేరే చెప్పాలా? ఆ కాలపు ఔషధ గ్రంథాల్లో ఇస్బ్‌గోల్‌కు తెలుగు పేరు "ఇసపగాల విత్తులు" అని ఉంటది. ఫార్సీ గుర్రం తెలుగు నోట్లో ఎంత నెమ్మదిగా నడిచిందో చూడండి. సంస్కృత పండితులు ఈషద్గోలం అన్నారు, అది కూడా అదే ఫార్సీ మాటకు కట్టిన పట్టుబట్ట అని నా అనుమానం.

ఆ గ్రంథాల్లో ఇస్బ్‌గోల్ ఎందుకు పనికొస్తదని ఉంది? మానని విరేచనాలకు, జిగట విరేచనాలకు. వేరింగ్ బజారు మందుల మీద 1860లో వేసిన చిన్న పుస్తకంలోనూ ముఖ్యంగా అదే. అంటే నానీమా చెప్పింది అక్షరాలా నిజం.

ఇప్పుడు మా నానా సంగతి. నిజాం జమానాలో సిరిసిల్లలో ఉర్దూ మీడియం చదివాడు. కిరాణా దుకాణం పెట్టుకున్నాడు, అందులో ఒక వరుస రేకు డబ్బాలు జడీబూటీలవి. హకీం కాదు, కానీ హకీములు రాసిన నుస్ఖాలకు మందు కట్టి కట్టి, కొంత తజుర్బా సంపాదించి, ఒక బయాజ్ రాసుకున్నాడు. బయాజ్ అంటే నుస్ఖాలు ఎక్కించుకునే సొంత నోట్‌బుక్. అట్ట చిరిగిన ఆ బయాజ్ నానీమా పెట్టెలో ఉంది. నేను తెలుగు మీడియం వాణ్ణి, ఉర్దూ నెమ్మదిగా కూడబలుక్కుంటాను. నానాది గొలుసుకట్టు రాత, నా వల్ల కాదు. 1948 తర్వాత దఫ్తర్ల భాష మారింది, బడి భాష మారింది. మూడు తరాలు దాటేసరికి సొంత నానా చేతిరాత మనవడికి పరదేశీ లిపి అయిపోయింది. చివరికి మా మొహల్లా మస్జిద్‌లో ఉండే మౌల్వీ సాబ్‌ను బతిమాలి, రెండు జుమాల సాయంత్రాలు కూర్చోబెట్టి చదివించుకున్నాను.

ఇస్బ్‌గోల్ పేరు చాలా చోట్ల ఉంది. ఎక్కువచోట్ల "ఇస్పగోల్ ముసల్లం" అని ఉంది. ముసల్లం అంటే పూర్తి గింజ. ఇప్పుడు మనం తాగేది "సబూసె ఇస్పగోల్", అంటే పైపొట్టు. ఈ ఫరఖ్ మన పిల్లలకు ఎవరూ చెప్పరు. రాత్రి కటోరాలో గింజలు నానబెట్టి, తెల్లారి ఉబ్బిన జిగురుతో సహా, మిశ్రీ కలిపి మింగాలి. పిల్లలకు విరేచనాలైతే కొంచెం వేయించి ఇవ్వాలి. ప్రతి చోటా ఒక హెచ్చరిక, దంచవద్దు. హకీముల లెక్కలో ఇస్బ్‌గోల్ మిజాజ్ సర్ద్–తర్, చల్లనిది, తడిది. దంచితే లోపలి పప్పు బయటపడి మిజాజ్ తిరగబడుతదని, విషమవుతదని పాత కితాబుల మాట. విషం అన్నది ఎక్కువ మాటే, ఎందుకంటే పొట్టు తీసిన పప్పును ఇప్పుడు పశువులకు దాణాగా పెడుతున్నారు. అయినా దంచవద్దన్న నియమం వృథా కాదు. గింజ బలమంతా పైపొరలోని లుఆబ్, అంటే జిగురులోనే ఉంది. ఆ జిగురు నీళ్లను పట్టుకుని ఎన్నో రెట్లు ఉబ్బుతది. పేగులో నీళ్లు ఎక్కువైతే పీల్చి గట్టి చేస్తది, తక్కువైతే నీళ్లను తనతో తీసుకుపోయి మెత్తన చేస్తది. ఒకే గింజ పేచిష్‌కూ ఖబ్జ్‌కూ పనికిరావడంలో మాయ ఏమీ లేదు, ఇదే అసలు హకీకత్.

బయాజ్‌లో ఒక పేజీ దగ్గర మౌల్వీ సాబ్ గొంతు తగ్గించాడు. పక్కన నానీమా కూర్చుని ఉంది. వానాకాలం, తారీఖు సగం చెరిగిపోయింది. "బచ్చీ, ఉమర్ దో సాల్" అని రాసి, కింద నాలుగు రోజుల నుస్ఖాలు వరుసగా ఉన్నాయి. వేయించిన ఇస్బ్‌గోల్, దానిమ్మ తొక్క, ఇంకేవో. ఐదో రోజు దగ్గర ఏమీ లేదు. మిగతా పేజీ ఖాళీ.

మా అమ్మీకి ఒక అక్క ఉండేదని మాకు తెలుసు, చిన్నప్పుడే పోయిందని తెలుసు. ఎట్లా పోయిందో ఎప్పుడూ అడగలేదు. నానీమా తస్బీ తిప్పుతూ అన్నది, "పానీ నై పిలానా బోలే సబ్. పిలాయే తో ఔర్ హోతా బోలే." విరేచనాలైన పిల్లకు నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని ఇంటి పెద్దలందరూ అన్నారంట. గింజ నానడానికి నీళ్లు ఇచ్చారు, పిల్ల తాగడానికి ఇవ్వలేదు.

ఇస్బ్‌గోల్ విరేచనాన్ని చిక్కబరుస్తది. క్రిములను చంపదు, ఒంట్లోంచి పోయిన నీళ్లనూ ఉప్పునూ తిరిగి ఇవ్వదు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పిల్లల ప్రాణాలు నిలబెడతాయని దునియాకు గట్టిగా తెలిసింది 1971లో, బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా వచ్చినప్పుడు. దిలీప్ మహలనబీస్ అనే బెంగాలీ డాక్టర్ బనగావ్‌లో సెలైన్ సీసాలు అయిపోతే ఆ నీళ్లే డ్రమ్ములకు డ్రమ్ములు కలిపి తాగించాడు. మా ఖాలా అంతకు చాలా ముందే పోయింది. యూనానీ గొప్పతనం గురించి రాసేటప్పుడు ఈ పేజీని దాచిపెట్టి రాయడం నా వల్ల కాదు.

ఇక పంట. ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి మా మామూజాద్ భాయి అడిగాడు: "ధర మంచిగుందంట గదా, మన చెల్కల ఏస్తే పండదా?" వరి వేసి వేసి విసిగినవాడు, అడగడంలో తప్పు లేదు. నేను తెలుసుకున్నది చెప్పాను. ఇది యాసంగి పంట. మోకాలు దాటని మొక్క, సన్నని ఆకులు, గోధుమ వెన్నుకు చిన్న చెల్లెలు లాంటి కంకులు. నవంబర్‌లో చల్లితే రెండు నెలలకు పూత, మార్చి నాటికి కోత, మొత్తం నాలుగు నెలలు. గింజ ఎంత సన్నమంటే వెయ్యి గింజలు కలిపి తూచినా రెండు గ్రాములకు అటూఇటూ. కావలసింది తేలిక నేల, చల్లని పొడి చలికాలం. అన్నిటికంటే ముఖ్యం, కోతకొచ్చిన పంట మీద ఒక్క వాన చుక్క పడొద్దు. పడితే గింజ కంకిలోంచి రాలిపోతది, రాలనిది తడిసి అక్కడే జిగురు కడతది. అందుకే కోత కూడా పొద్దున మంచు తడి ఉండగానే మొదలుపెడతారు, ఎండెక్కితే చేయి తగిలినా రాలుతది కాబట్టి.

"మార్చిల వాన వద్దంటే మన దిక్కు రాళ్లవాన ఎవడు ఆపుతడు?" అన్నాడు భాయి. తన ప్రశ్నకు తనే జవాబు చెప్పుకున్నాడు.

అందుకే ఆ పంట ఉత్తర గుజరాత్‌లో, రాజస్థాన్‌లో జాలోర్, బాడ్మేర్ వైపు, మధ్యప్రదేశ్‌లో నీమచ్ వైపు స్థిరపడింది. మహెసాణా జిల్లా ఊంఝా మండీ దాని బజారు, సిద్ధపూర్ దాని మిల్లులు. టెలిఫోన్ బొమ్మ ఉన్న పెట్టె మీలో చాలామంది ఇంట్లో ఉంటది, అది సిద్ధపూర్‌దే. మిల్లులో గింజను చక్కీల మధ్య మెల్లగా రుద్ది, జల్లించి, గాలికి తూర్పారబట్టి పొట్టు వేరు చేస్తారు. వంద కిలోల గింజకు వచ్చేది పాతిక నుంచి ముప్పై కిలోల పొట్టు. మనం కొనేది ఆ పాతిక కిలోల్లోదే. మన దేశంలో ఈ పంట మీద పరిశోధన చేసే ఔషధ మొక్కల కేంద్రం కూడా గుజరాత్‌లోనే, ఆనంద్ దగ్గర బోరియావిలో ఉంది.

మరి పేచిష్ మందు ఖబ్జ్ మందు ఎప్పుడైంది? అమెరికాలో సెర్ల్ కంపెనీ 1934లో మెటాముసిల్ పేరుతో సిలియం పొడిని అమ్మకానికి పెట్టింది. అక్కడి బాధ పేచిష్ కాదు. తెల్ల రొట్టె, మాంసం, కుర్చీ. 1953లో హిప్స్‌లీ అనే ఆయన "ఆహారపు పీచు" అనే మాటను మొదటిసారి వాడాడు. 1970ల్లో డెనిస్ బర్కిట్ అనే సర్జన్, ఉగాండాలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవాడు, పీచు ఎక్కువ తినే ఆఫ్రికా పల్లెల్లో లేని పేగు జబ్బులు పీచు తీసేసి తినే పడమటి దేశాల్లో ఎందుకున్నాయని ఊరూరా తిరిగి చెప్పాడు. 1998లో అమెరికా ఆహార, ఔషధ శాఖ, కొవ్వు తక్కువున్న భోజనంతో పాటు రోజుకు 7 గ్రాముల కరిగే పీచు సిలియం పొట్టు నుంచి తీసుకుంటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని డబ్బాల మీద రాసుకోవడానికి ఇజాజత్ ఇచ్చింది. హకీం లుఆబ్ అన్నదే వాళ్ల కరిగే పీచు. కొలెస్ట్రాల్ సంగతి మాత్రం హకీములకు తెలియదు, తెలుసని మనం గప్పాలు కొట్టొద్దు.

అది అమెరికా కథ. ఎల్లారెడ్డిపేట కథ వేరు, కానీ చేరింది అక్కడికే. నానీమా నిఖా అయి ఈ ఊరికి వచ్చినప్పుడు దస్తర్‌ఖాన్ మీద రోజూ ఉండేది జొన్న రొట్టె, మక్క గట్క, పచ్చి పులుసు. బియ్యం అన్నం ఈద్‌కు, మెహమాన్ వస్తే, జ్వరమొస్తే. 1983లో ఎన్టీ రామారావు సర్కారు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. పేదల కడుపు నిండింది, ఆ ఎహ్‌సాన్‌ను చిన్నచూపు చూసే హక్కు కడుపునిండినవాళ్లకు లేదు. తర్వాత బోర్లు వచ్చాయి, వరి వచ్చింది, గల్ఫ్ పైసలు వచ్చాయి. జొన్న గరీబీ గుర్తు అయిపోయింది, నిఖాల్లో పెట్టడం ఐబ్ అయిపోయింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూడండి. నూరు గ్రాముల జొన్నల్లో పీచు పది గ్రాములకు పైన, మక్కల్లో పన్నెండు దాకా, మర పట్టిన తెల్ల బియ్యంలో మూడు గ్రాముల లోపు.

నల్లా వచ్చి నీళ్లు కొంత శుభ్రపడ్డాయి, పేచిష్ తగ్గింది. పళ్లెంలోంచి పీచు పోయింది, ఖబ్జ్ వచ్చింది, వెనకే షుగర్ వచ్చింది. మా గల్లీలో యాభై దాటినవాళ్లు కలిస్తే సలాం తర్వాత మాట షుగర్ ఎంతుందనే. బీడీలు చుట్టే ఆడవాళ్లు పొద్దంతా చాట ముందు కదలకుండా కూర్చుంటారు. సాంచాల దగ్గర మగవాళ్లు చాయ్ మీద చాయ్ తాగుతారు, నీళ్లు తాగరు. వీళ్లందరికీ ఇప్పుడు పీచు పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. ఇంటి జొన్నలో ఊరికే వచ్చేదాన్ని చెంచాతో కొలిచి కొంటున్నాం. గింజను నేను తప్పుపట్టను. అయితే ముప్పూటలా తెల్లన్నం, పైన మైదా పరాఠా, రాత్రికి ఒక చెంచా ఇస్బ్‌గోల్, ఇదే ఇలాజ్ అనుకునే ధీమా మీద మాత్రం నాకు కోపం.

రంజాన్ దగ్గరపడితే చాలామంది ఫోన్ చేసి అడుగుతారు కాబట్టి రెండు మాటలు. ఫాలూదాలో నల్లగా తేలేవి సబ్జా గింజలు, తులసి జాతివి, ఇస్బ్‌గోల్ కాదు. ఇస్బ్‌గోల్ పొట్టును పొడిగా నోట్లో వేసుకోవద్దు, గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతది. పెద్ద గ్లాసు నిండా నీళ్లలో కలిపి వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. మింగడం కష్టమున్న ముసలివాళ్లకు, కడుపులో గట్టి నొప్పి, వాంతులు ఉన్నవాళ్లకు డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు. షుగర్ గోలీలు, వేరే మందులు వేసుకునేవాళ్లు దీనికీ వాటికీ మధ్య గంటా రెండు గంటలు ఎడం పెట్టాలి, ఆ జిగురు మందును కూడా పట్టుకుంటది. సహరీలో తాగితే నీళ్లు ఇంకా ఎక్కువ తాగాలి. పిల్లలకు విరేచనాలైతే ముందు ఓఆర్ఎస్, తర్వాతే ఏదైనా.

బయాజ్ చదవడం అయ్యాక మౌల్వీ సాబ్ సాయంతో పేజీలన్నీ ఫోన్‌లో ఫోటోలు తీశాను. ఒక్కో నుస్ఖా తెలుగు లిపిలోకి ఎక్కిస్తున్నాను, పేర్లన్నీ మూడు వరుసల్లో: నానా రాసిన ఉర్దూ మాట, నానీమా పలికే దఖ్నీ మాట, దుకాణంలో అడగాల్సిన తెలుగు మాట. నలభై మూడు అయ్యాయి. ఒక పదకొండు దగ్గర నానీమాకు కూడా గుర్తు రావడం లేదు. రెండేళ్ల బచ్చీ పేజీని కూడా ఎక్కించాను. రాయాలా వద్దా అని అడిగితే నానీమా, "లిఖ్. ఖాలీ జగా భీ ఛోడ్," అన్నది.

తమ్ముడు షార్జా వెళ్లే రోజు నానీమా అతని సూట్‌కేస్ అడుగున తువాలులో చుట్టి ఒక పొట్లం పెట్టింది. బస్టాండ్ దగ్గరి దుకాణం నుంచి నాతో తెప్పించింది. పైన నేను తెలుగులో "ఇసపగాల విత్తులు" అని రాస్తే, తమ్ముడు చదివి "ఇదేంది భయ్యా?" అన్నాడు. వాడు సైట్ మీద ఎండలో పనిచేస్తాడు, నీళ్లు సరిగా తాగడు. నానీమా వాడి గదవ పట్టుకుని చెప్పింది, "ఏక్ చమ్చా యే, దో గిలాస్ పానీ. పానీ పహ్‌లే గిన్."

నారింజ డబ్బా ఇప్పుడు మా వంటింట్లో ఉంది. అందులో మెంతులు పోసుకున్నది.